కచేరీ సావిడిలో చిన్న రసాలు

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరూ ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. మా ఆయన మామిడికాయ కొట్టు నుంచి తోటకీ, తోట నుంచి స్టేషనుకీ తిరుగుతూనే ఉండేవారు. మా అబ్బాయి భాస్కరం మద్రాసు నుంచి ట్రంకుపెట్టెతో దిగిన మర్నాడే చేతిలో టేపు పట్టుకుని ఊరి మీద పడ్డాడు. వాళ్లిద్దరూ ఎదురుపడకుండా చూడ్డానికి నేను వంటింటికీ వీధి అరుగుకీ మధ్య తిరిగేదాన్ని.

అది నలభైతొమ్మిది. జమీందారీలు పోవడం ఖాయమైపోయింది. నూజివీడులో దివాణాల చుట్టాలు చాలామంది ఉన్నవి అమ్ముకుని మద్రాసు వెళ్లిపోతున్నారు. అలా అమ్మకానికొచ్చిన వాటిలో ఊరికి తూర్పున ఉన్న పాత కచేరీ సావిడిని మా ఆయన కొన్నారు. ఒకప్పుడు శిస్తులు కట్టడానికి వచ్చిన రైతులు చేతులు కట్టుకుని నిలబడిన హాలు అది. ఇరవై నాలుగు టేకు స్తంభాలు, మూర మందం గోడలు, పైన గచ్చు మిద్దె. దాన్ని పడగొట్టి, కలప అమ్మేసి, ఆ స్థలంలో మామిడికాయకి రేకుల షెడ్డు వెయ్యాలని ఆయన ఆలోచన.

కొన్నది నా పేరు మీద. ప్రేమ పొంగి కాదు. ఆ ఏడాది ఆయన జాతకానికి స్థిరాస్తి కలిసిరాదని పంతులుగారు చెప్పారట. రిజిస్ట్రారు ఆఫీసులో చూపించిన చోటల్లా పుష్పావతి అని సంతకం పెట్టి, ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టుకున్నాను. ఆ సావిడి లోపల ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు.

భాస్కరం బొంబాయిలో అయిదేళ్లు ఆర్కిటెక్టు చదువు చదివాడు. ఇంజనీరా అని ఊళ్లో అడిగితే నేను అవుననేదాన్ని, వాడు కాదనేవాడు. మద్రాసులో ఒక కంపెనీలో పద్నాలుగు నెలలు చేసి మానేశాడు. ఎందుకు మానేశావురా అంటే, “అగ్గిపెట్టెలు గీయించారమ్మా. పెద్ద అగ్గిపెట్టె, చిన్న అగ్గిపెట్టె, అంతే,” అన్నాడు. వాడికి ఇరవై అయిదు నిండాయి. రోజంతా సావిడిలో ఉండి కొలతలు తీసుకునేవాడు. ఇంటికొచ్చాక కూడా అన్నం తింటూ వేళ్లతో పీట అంచు కొలిచేవాడు.

ఉగాది వెళ్లిన మూడో వారంలో అనుకుంటా, మధ్యాహ్నం ఇద్దరూ ఒక్కసారే భోజనానికొచ్చారు. నేను పీటలు దూరం దూరంగా వేశాను.

“షెడ్డు గీశావా?” అన్నారు మా ఆయన.

“ఇంకా సావిడి కొలతలే అవలేదు నాన్నగారూ.”

“పడగొట్టేదానికి కొలతలెందుకు?”

“పడగొడతారు కాబట్టే.”

మా ఆయన చెయ్యి కంచంలో ఆగింది. “ఒక్క బస్తా సిమెంటు కోసం జనం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. నేను ఇరవై బస్తాలకి పర్మిట్టు తెచ్చి ముందుగదిలో వేయించాను. ఇంట్లో ఆర్కిటెక్టు ఉన్నాడు. నాకు షెడ్డు గీసేవాడు మాత్రం లేడు.”

“అది పడగొట్టకుండా బాగుచెయ్యొచ్చు నాన్నగారూ. కప్పు ఈశాన్యం మూల ఒక్కచోటే కారుతోంది. దూలాలన్నీ గట్టిగా ఉన్నాయి.”

“గట్టిగా ఉన్నాయి కాబట్టే ఏలూరు కలప షావుకారు అడిగాడు. వానలు పడేలోగా ఇస్తానని మాటిచ్చాను.”

“నన్నడిగి ఇచ్చారా?”

“నిన్నెందుకడగాలి? నీ పేరు మీద కూడా లేదది,” అని ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. నా పేరు మీద ఉందన్న సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు.

ఆ తర్వాత నుంచి భాస్కరం మధ్యాహ్నాలు ఇంటికి రావడం మానేశాడు. రెండ్రోజులు చూసి, మూడో రోజు నేనే కేరేజీ కట్టుకుని వెనక సందుల్లోంచి బయల్దేరాను. రోళ్లు పగిలే ఎండ. సావిడి గడప దాటేసరికి ఒంటి మీద తడిగుడ్డ వేసినట్టయింది. కాసేపు నాకేమీ కనబడలేదు. చల్లదనం మాత్రం తెలిసింది. తర్వాత స్తంభాలు ఒక్కొక్కటే చీకట్లోంచి బయటికొచ్చాయి.

భాస్కరం నేల మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. పక్కన యలమంద ఉన్నాడు. యలమంద సున్నపు మేస్త్రీ. డెబ్భై దాటిన మనిషి. మా పెళ్లినాటికి మా అత్తగారింటి గోడలకి నునుపు పెట్టింది అతనే. నన్ను చూసి గబుక్కున లేచాడు.

“కూర్చోండి మేస్త్రీగారూ,” అన్నాడు మావాడు. యలమందని గారు అన్నవాళ్లని నేను అంతకుముందు చూడలేదు. యలమంద కూడా విన్నట్టు లేడు, ఎవరిని పిలిచారా అని వెనక్కి చూశాడు.

“ఇంత ఎండలో ఇంత చల్లగా ఉందేంట్రా?” అన్నాను.

భాస్కరం మొహం వెలిగింది. “మేస్త్రీగారూ, చుట్ట వెలిగించండి,” అన్నాడు.

“అమ్మగారి ముందరా?”

“చదువు కోసం. ఫర్వాలేదు.”

యలమంద సిగ్గుపడుతూ చుట్ట వెలిగించి పొగ వదిలాడు. పొగ మా మొహాల ముందు నిలవలేదు. మెల్లగా పైకి లేచి, కప్పు కింద వరసగా ఉన్న చిన్న చిన్న కన్నాల్లోంచి బయటికి వెళ్లిపోయింది.

“వేడిగాలి పైకి పోతుంది. కింద కిటికీల్లోంచి, వరండా నీడలో చల్లబడిన గాలి లోపలికొస్తుంది. గోడ మందం కాబట్టి ఎండ లోపలికి దిగేసరికి పొద్దు కుంకుతుంది. ఎవరు కట్టారో పేరు కూడా లేదు. అమ్మా, ఇది గీయమంటే గీస్తాను. కట్టడం మాత్రం నాకు రాదు. అయిదేళ్లు చదివినా రాదు. ఇది పోతే చూసి నేర్చుకోడానికి కూడా ఏమీ ఉండదు.”

అలా ఉన్నదున్నట్టు వాడు మాట్లాడ్డం నేను చాలాకాలం తర్వాత విన్నాను.

తర్వాత మిద్దె మీదకి తీసుకెళ్లి కారే చోటు చూపించాడు. గచ్చు బీటలు వారింది. యలమంద గోటితో గీకి చూశాడు. “సున్నం ఊరాలి. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పొయ్యాలి. గానుగ పట్టాలి. ఆడోళ్లు కూచుని చెక్కలతో కొట్టి కొట్టి గట్టి చెయ్యాలి. అన్నీ కలిపి ఇరవై రోజులు బాబూ.”

“ఇరవై రోజుల్లో నాన్నగారు కప్పే తీయించేస్తారు. సిమెంటు వేస్తే?”

“దానికీ దీనికీ పొత్తు కుదరదు,” అన్నాడు యలమంద. భాస్కరం ఇంకా ఏదో అడగబోయి ఆగాడు. వాడి కాలి వేళ్లు గచ్చు మీద ఆడుతూనే ఉన్నాయి.

వారం తర్వాత యలమంద కూతురికి పురుడొస్తే చింతలపూడి వెళ్లాడు. ఆ మర్నాడు భాస్కరం వంటింట్లోకి వచ్చి, “అమ్మా, రెండు బస్తాలు సిమెంటు కావాలి,” అన్నాడు. “మేస్త్రీ వద్దన్నాడు కదరా?” అన్నాను. “ఆయన వచ్చేదాకా మబ్బులు ఆగవు. కప్పు కారకపోతే నాన్నగారికి చూపించొచ్చు,” అన్నాడు. ముందుగది తాళంచెవి ఇచ్చాను. ఆ పని చేసింది నేనే. మావాడు ఇద్దరు కూలీలని పెట్టుకుని ఒక్క రోజులో ఆ మూల పూడ్చేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి రెండు గిన్నెల చారన్నం తిన్నాడు.

రోహిణి కార్తె వచ్చింది. చిన్న రసాలు తోటల్లోంచి బళ్ల మీద దిగిపోతున్నాయి. సరిగ్గా అప్పుడే రైలు వ్యాగన్లు దొరకడం మానేశాయి. మా ఆయన బాపులపాడు దగ్గరున్న స్టేషనుకి వెళ్లి అక్కడే కూర్చున్నారు. ఒక రోజు గడిచింది, రెండో రోజూ రాలేదు. దించిన కాయంతా కొట్టు వెనక రేకుల పంచలోనే ఉండిపోయింది.

రెండో రోజు పొద్దున్నే కనకమ్మ మా పెరటి గుమ్మంలోకి వచ్చింది. గంపలు కట్టే ఆడవాళ్లకి పెద్ద ఆవిడ. ఎప్పుడూ అంత పొద్దున్నే రాదు.

“అమ్మగారూ, ఒకసారి వచ్చి చూడండి. కాయ ఉడికిపోతంది.”

“నాకేం తెలుస్తుందే కనకమ్మా? ఆయన రానీ.”

“అయ్యగారు వచ్చేదాకా కాయ ఆగదండి. ఇయ్యాల పొద్దు గడిస్తే నీరు కారిపోద్ది.”

వెళ్లాను. రేకుల కింద నిలబడితే పెనం కింద నిలబడినట్టుంది. గంపలో చెయ్యి పెట్టాను. గడ్డి వెచ్చగా ఉంది, కాయ ఇంకా వెచ్చగా ఉంది. ఆ కాయ మీదే ఆ ఏడాది మా ఇల్లు నడవాలి. కనకమ్మ వెనక ముప్పైమంది ఆడవాళ్లు చేతులు ఖాళీగా పెట్టుకుని నావైపు చూస్తున్నారు. నన్నెవరూ అలా చూసి ఎరగరు. నాకు పారిపోవాలనిపించింది.

“తూర్పు కచేరీకి మోసెయ్యండి,” అన్నాను.

కనకమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని మొదటి గంప తనే ఎత్తుకుంది.

నేను ముందు నడిచాను. బజారు వీధిలో కాలినడకన వెళ్లడం నాకదే మొదటిసారి. కొట్ల ముందు కూర్చున్నవాళ్లు మాట్లాడుకోవడం ఆపి చూశారు. “శేషగిరిరావుగారి భార్యేనా?” అని ఎవరో అనడం వినబడింది. నా వెనక ముప్పై గంపలు. అలా ఎన్ని విడతలు తిరిగారో, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సావిడి నేలంతా రసాలే. భాస్కరం కాగితాలన్నీ మడిచి చంకలో పెట్టుకుని, ఏ కిటికీ తెరవాలో ఏది మూయాలో చెబుతూ అటూ ఇటూ పరుగెత్తాడు. సాయంత్రం కనకమ్మ ఒక కాయ తీసి బుగ్గకి ఆనించుకుని, “చల్లబడిందండి,” అంది.

మా ఆయన మూడో రోజు వచ్చారు. ఎల్లుండికి సగం వ్యాగన్లు ఇస్తామన్నారట. ముందు రేకుల పంచకి వెళ్లారు. ఖాళీగా ఉంది. అక్కడి నుంచి సావిడికి వెళ్లారు. ఏం జరుగుతుందోనని నేను ఇంట్లో గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చారు. కాళ్లు కడుక్కున్నారు. కాఫీ తాగారు. కేకలేస్తారనుకున్నాను, వెయ్యలేదు. ఆయన చేతివేళ్లకి రసం వాసన ఉంది. ఒక్కో గంపలోంచీ కాయ తీసి నొక్కి చూసి ఉంటారు.

మర్నాడే ఏలూరు షావుకారు దిగాడు, గుమాస్తానీ స్టాంపు కాగితాన్నీ వెంటబెట్టుకుని. మా ఆయన వసారాలో చాప వేయించి నన్ను పిలిచారు. “ఇక్కడ సంతకం పెట్టు,” అన్నారు. కలం చేతికిచ్చారు.

నేను కాగితం చదవడం మొదలుపెట్టాను. పైకే చదివాను, ఎందుకో తెలీదు. నా పేరు, మా ఆయన పేరు, ఊరు, హద్దులు. “సదరు కట్టడంలోని స్తంభములు, దూలములు, తలుపులు, కిటికీలు యావత్తూ...” అక్కడ ఆగాను.

“స్తంభాలన్నీ తీసేస్తే కప్పు దేని మీద నిలుస్తుందండీ?” అన్నాను.

షావుకారు నవ్వాడు. “కప్పెక్కడుంటుందమ్మా! పడిపోతుంది.”

“లోపల కాయ ఉంది.”

“కాయ వెళ్లిపోయాకే విప్పుతాం. సంతకానికేముంది?”

“ఇప్పుడు కాదండి,” అన్నాను. కలం కాగితం మీద పెట్టి, మజ్జిగ తేవడానికన్నట్టు లేచి లోపలికి వచ్చేశాను. మజ్జిగ నిజంగానే తేబోయాను. గ్లాసుల్లో పోసి ఉప్పు కలిపాను.

మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చారు. గొంతు తగ్గించి అడిగారు. “నాకు పరువుందా లేదా?”

“ఉందండి.”

“మరి?”

“నిన్న కాయ నొక్కి చూశారు కదా. ఎలా ఉంది?”

నా చేతిలోంచి మజ్జిగ గ్లాసులు తీసుకుని ఆయనే పట్టుకెళ్లారు. షావుకారు తాగి, పదిరోజుల్లో మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రమంతా భాస్కరం వీధిలోకి వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం.

సగం కాయ వ్యాగన్లకెక్కింది. మిగతా సగం సావిడిలో ఉండగా గాలివాన వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి పడమట ఆకాశం ఇటికరంగు తిరిగి, దుమ్ము లేచి, అరగంటలో ఊరంతా ఆకులూ కొమ్మలే. అందరం సావిడికే పరుగెత్తాం. ముందురోజే తిరిగొచ్చిన యలమంద కూడా నెత్తిన గోనెపట్టా కప్పుకుని వచ్చాడు.

లోపల నిలబడి తలలెత్తి చూశాం. కప్పు మీద వాన దబదబా కొడుతోంది. నూరేళ్ల పైబడిన ఆ గచ్చులోంచి ఒక్క చుక్క రాలలేదు. ఈశాన్యం మూల మాత్రం మొదట గోడ నల్లబడింది. తర్వాత చుక్కలు పడ్డాయి. తర్వాత ధార కట్టింది, కింద ఉన్న గంపల్లోకి.

“అక్కడ పూడ్చిందెవరు?” అన్నారు మా ఆయన.

“నేనే,” అన్నాడు భాస్కరం.

“దేంతో?”

“సిమెంటుతో.”

“ఎవరి సిమెంటు?”

“నేనిచ్చానండి,” అన్నాను.

యలమంద భాస్కరం వైపు చూశాడు. తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండేది. “దాని అంచు పట్టుకుని నీళ్లు దిగాయి బాబూ,” అన్నాడు. భాస్కరం చంకలో కాగితాలు జారి తడి నేల మీద పడినా వంగి తీసుకోలేదు. తండ్రికి చూపిస్తానన్నది ఇదే. కారకూడని కప్పు వాడి చేతి పని దగ్గరే కారుతోంది.

మా ఆయన ఏదో అనబోయారు. ఆ మాట ఎంత పదునుగా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఆయన తలపాగా విప్పి నడుముకి బిగించి, తడుస్తున్న గంప ఒకటి ఎత్తారు. “కనకమ్మా, ఇవన్నీ పడమటి గోడ వారకి చేర్పించు. నాలుగో స్తంభం దాటాక పెట్టండి. అక్కడ గాలి ఎక్కువ,” అన్నారు.

నాలుగో స్తంభం దాటాక గాలి ఎక్కువని ఆయనకి ఎవరూ చెప్పలేదు. భాస్కరం ఒక్క క్షణం తండ్రి వీపు వైపు చూసి, తనూ ఒక గంప ఎత్తాడు. వాన వెలిసేదాకా ఇద్దరూ ఒకరి వెనక ఒకరు మోశారు.

పదిరోజుల తర్వాత షావుకారు వస్తే, మా ఆయన అరుగు మీదే నిలబెట్టి, “ఈ ఏడాదికి కుదరదండి,” అని పంపించేశారు. తర్వాతి ఏడాది సంగతి ఎవరూ ఎత్తలేదు. అలాగని ఉన్నదంతా దక్కిందనీ చెప్పను. బళ్లు లోపలికి రావడానికి ఉత్తరపు వరండా తీయించేశారు, ఆరు స్తంభాలు పోయాయి. దానికి భాస్కరం వారం రోజులు అన్నం సరిగా తినలేదు. మిగతా సావిడి నిలబడింది. మావాడు ఆ తర్వాత జి. కొండూరులో ఒక పాత సత్రం, చింతలపూడిలో ఒక మండువా ఇల్లు బాగుచేశాడు. యలమంద ఉన్నన్నాళ్లూ అతన్ని వెంట తీసుకెళ్లేవాడు. పెద్ద పేరేమీ రాలేదు. కొత్త మేడలు కట్టిన వాడి స్నేహితులు కార్లు కొన్నారు. వాడు సైకిలు మీదే తిరిగాడు.

ఇదంతా తర్వాతి మాట. ఆ జ్యేష్ఠమాసంలో మాత్రం వాడు యలమందతో కలిసి, తను వేసిన సిమెంటుని తనే ఉలితో తవ్వి తీశాడు. వెయ్యడానికి ఒక్క రోజు పట్టింది. తియ్యడానికి నాలుగు రోజులు పట్టింది. అది ఊరికే రాలేదు, పాత ఇటికల్ని కూడా పట్టుకుని ఊడొచ్చింది. ఆ తర్వాత సున్నం పని. కూలీలు ఉన్నా వినకుండా చేతులు ముంచి తనే కలిపాడు. ఎంత నీళ్లు, ఎంత పాకం అన్నది చేతికి తెలియాలన్నాడట యలమంద. కనకమ్మా వాళ్లూ మిద్దె మీద వరసగా కూర్చుని చెక్కలతో కొడుతుంటే ఆ చప్పుడు మా పెరట్లోకి వినిపించేది.

సున్నం పని మొదలైన మూడో రోజు సాయంత్రం భోజనానికి కూర్చుని భాస్కరం అన్నంలో చెయ్యి పెట్టి వెనక్కి తీసేసుకున్నాడు. పప్పులో ఉప్పూ కారం తగిలేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు చూస్తే సున్నం తినేసి, వేళ్ల సందుల్లో చర్మం చిట్లి ఎర్రగా ఉంది.

“ఆకలి లేదమ్మా,” అన్నాడు.

నేను కంచం నా ఒళ్లోకి లాక్కుని ముద్ద కలిపి నోటికిచ్చాను. ఇరవై అయిదేళ్లవాడు, మీసాలున్నవాడు, మొదట మొహం తిప్పుకున్నాడు. తర్వాత తిన్నాడు. ఎదురుగా పీట మీద మా ఆయన తింటున్నారు. ఆ వాన రోజు నుంచి వాళ్లిద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఏదన్నా ఉంటే నాతోనే చెప్పేవారు, పక్కనే ఉన్నా సరే.

ఆయన కొడుకు చేతులవైపు ఒకసారి చూశారు. నెయ్యి గిన్నె ఇటు జరిపారు.

“రేపట్నుంచి ఆముదం రాసుకుని, చేతులకి గుడ్డ చుట్టుకుని దిగమను,” అన్నారు నాతో.

“అలాగే నాన్నగారూ,” అన్నాడు భాస్కరం.

నేను ఇంకో ముద్ద కలిపాను.